ఓవెన్‌లో సాల్మన్: చిట్టికి పెద్దమ్మ ఉత్తరం

చిట్టీ,

ఆదివారం రాత్రి భోజనానికి ఎనిమిది మందిమి అవుతామనీ, ఓవెన్‌లో సాల్మన్ చేద్దామనుకుంటున్నావనీ రాశావు. ఏ మసాలా పట్టించాలో చెప్పమన్నావు. చెబుతాను గానీ, నువ్వు టెన్షన్ పడాల్సింది మసాలా గురించి కాదు. ఈ చేపకి ఉప్పూ మిరియాలూ తప్ప ఇంకేం వేయకపోయినా రుచిగానే ఉంటుంది. అది పాడయ్యేది అవసరానికి మించి ఓవెన్‌లో ఉంచినప్పుడు. "ఎందుకైనా మంచిది, ఇంకో ఐదు నిమిషాలు ఉండనీ" అంటాం చూడు, ఆ ఐదు నిమిషాల్లోనే ముక్క ఎండిపోయి నోట్లో పిండిపిండిగా తగులుతుంది. అందుకే ఎప్పుడు బయటికి తీయాలో కాస్త ఎక్కువగా రాస్తున్నాను, విసుక్కోకుండా చదువు.

ముందు కొనడం సంగతి. మనిషికి 150 నుంచి 180 గ్రాములు వేసుకో. మీ ఎనిమిది మందికీ కిలోన్నర దాకా సరిపోతుంది. విడివిడి ముక్కలకంటే తోలు ఉన్న పెద్ద ఫిల్లెట్ (నడిముల్లు తీసేసి నిలువుగా కోసిన చేప పక్కభాగం) ఒక్కటే దొరికితే అదే తీసుకో. పెద్దది నెమ్మదిగా ఉడుకుతుంది కాబట్టి ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ అయినా నష్టముండదు. ట్రేలో పట్టకపోతే అడ్డంగా రెండు చేసి పక్కపక్కన పెట్టుకోవచ్చు. ముక్కలే దొరికితే అన్నీ ఒకే మందంలో ఉన్నవి ఏరుకో.

రకం కూడా చూసుకో. పెంపకంలో వచ్చే అట్లాంటిక్ సాల్మన్‌లో కొవ్వు ఎక్కువ, కండలో తెల్లటి గీతలు దట్టంగా కనిపిస్తాయి. కాస్త ఎక్కువ వేడి తగిలినా ఓర్చుకుంటుంది. సముద్రంలో పట్టిన పసిఫిక్ రకాల్లో సాకై అనేది ముదురు ఎరుపుగా ఉంటుంది, రుచి గట్టిగా ఉంటుంది గానీ కొవ్వు తక్కువ, ఫిల్లెట్ కూడా పల్చన. చూస్తుండగానే ఉడికిపోతుంది, అంతే త్వరగా ఎండిపోతుంది. నీకిది మొదటిసారి కాబట్టి అట్లాంటిక్ తెచ్చుకో. ఎర్రగా ఉన్నదే తాజాది అనుకోకు. ఆ రంగు అస్టాజాంథిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. సముద్రపు చేపకి అది తిన్న చిన్న చిన్న రొయ్యజాతి ప్రాణుల నుంచి, పెంపకం చేపకి మేతలో కలిపినదాని నుంచి అందుతుంది. తాజాదనం వాసనలో తెలుస్తుంది. నీచు కంపు కొడితే వద్దు. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయినా వద్దు.

గడ్డకట్టిన చేప తెచ్చినా బాగానే ఉంటుంది. శనివారం రాత్రే ఫ్రీజర్‌లోంచి తీసి కింద ఫ్రిజ్‌లో పెట్టు. ఒక జాగ్రత్త మాత్రం మరవకు. గాలి తీసేసి బిగించిన ప్లాస్టిక్ సంచిలో ఉంటే, దాన్ని తెరిచాకే లేదా చేపని పళ్ళెంలోకి మార్చి వదులుగా మూత పెట్టాకే కరగనివ్వు. గాలి తగలని చోట పెరిగే ఒక రకం బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలో కూడా విషాన్ని తయారు చేయగలదు. ఈ మాట ప్యాకెట్ల మీద రాసే ఉంటుంది, చిన్న అక్షరాలు కాబట్టి ఎవరూ చదవరు.

ఇక ముళ్ళు. శుభ్రం చేసిన ఫిల్లెట్‌లో కూడా మధ్యలో వరసగా సన్నటి ముళ్ళు మిగిలిపోతాయి. తల వైపు నుంచి తోక వైపు, మళ్ళీ వెనక్కి, వేళ్ళతో నిమిరితే ఎక్కడున్నాయో తగులుతుంది. శుభ్రమైన ప్లకర్‌తో పట్టుకుని, ముల్లు ఏ వాలులో ఉందో ఆ వాలులోనే లాగు. నిలువుగా పైకి లాగితే కండ చీలుతుంది. పిల్లలు తినేటప్పుడు పెద్దవాళ్ళ భయమంతా ముళ్ళ గురించే, కాబట్టి దీనికి పది నిమిషాలు పోయినా పర్వాలేదు.

తర్వాత పేపర్ టవల్‌తో తడంతా అద్ది, ఉప్పు వేయి. కిలోన్నరకి 15 గ్రాములు, అంటే మెత్తటి ఉప్పు రెండున్నర చెంచాలు (టీ చెంచా). సమానంగా చల్లి, ఓ అరగంట ఫ్రిజ్‌లో ఉంచు. ఇది రుచి కోసమే కాదు. ఓవెన్‌లోంచి తీసిన సాల్మన్ మీద ఒక్కోసారి తెల్లటి ముద్దలు పేరుకుని కనిపిస్తాయి. అది ఆల్బుమిన్ అనే ప్రొటీన్. వేడికి కండ బిగుసుకుంటుంటే లోపలి నుంచి బయటికి వచ్చి గడ్డకడుతుంది. తింటే ఏమీ కాదు గానీ చూడ్డానికి బాగోదు. ముందుగా ఉప్పు పట్టిన చేపలో అది తక్కువగా వస్తుంది. మరీ ఎక్కువగా వచ్చిందంటే, వేడి ఎక్కువైందనో, ఎక్కువసేపు ఉంచేశావనో అనుకో.

ఇప్పుడు నువ్వడిగిన మసాలా. 60 గ్రాముల వెన్న కరిగించు, వెన్న వద్దనుకుంటే మూడు పెద్ద చెంచాల ఆలివ్ నూనె. అందులో నాలుగైదు వెల్లుల్లి రెబ్బల తురుము, చెంచాన్నర బరక మిరియాల పొడి, రెండు చెంచాల పాప్రికా (ఘాటు తక్కువ ఉండే ఎర్ర మిరప పొడి), ఒక నిమ్మకాయ పైతొక్క తురుము, ఒక పెద్ద చెంచా మస్టర్డ్ (సీసాలో దొరికే ఆవాల ముద్ద) కలుపు. ఇష్టమైతే డిల్ అనే సువాసన ఆకు తరిగి వేయి. ఉప్పు మళ్ళీ వేయొద్దు, మస్టర్డ్‌లో కూడా ఉంటుంది. పాప్రికా బదులు కారం వేస్తే సగానికి తగ్గించు. ఇదంతా చేప మీద పల్చగా పట్టిస్తే చాలు, దట్టంగా మెత్తితే ఏం తింటున్నామో తెలియదు. నిమ్మరసం మాత్రం ఇప్పుడు పోయకు. ఆ పులుపు చేప పైపొరని ముందే తెల్లగా, గట్టిగా మార్చేస్తుంది. రసం వడ్డించేటప్పుడు పిండుకోవాలి, ఓవెన్‌లోకి వెళ్ళేది తొక్క తురుము మాత్రమే.

ట్రేలో బేకింగ్ పేపర్ పరిచి, తోలు కిందకి ఉండేలా పెట్టు. ఫాయిల్ అయినా పనికొస్తుంది గానీ దానికి తోలు అతుక్కుంటుంది. సన్నగా ఉన్న తోక వైపు కిందకి మడిచి పెట్టమని చాలామంది చెబుతారు. నేను మడవను. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

వేడి విషయంలో రెండు దారులున్నాయి. ఒకటి 200 డిగ్రీల సెల్సియస్. రెండున్నర సెంటీమీటర్ల మందం ఉన్న ముక్క 12 నుంచి 15 నిమిషాల్లో అయిపోతుంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురున్న రోజు నేను చేసేది ఇదే. రెండోది 135 డిగ్రీలు. పెద్ద ఫిల్లెట్‌కి అరగంటకి అటూ ఇటూ పడుతుంది. పైన ఎర్రగా కాలదు కానీ లోపల మీగడలా మెత్తగా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, సరిగ్గా ఉడికిన క్షణానికీ ఎండిపోయిన క్షణానికీ మధ్య నీకు బోలెడు వ్యవధి దొరుకుతుంది. నలుగురొచ్చిన రోజు తలుపు తీయాలి, పలకరించాలి, ఎవరో ఒకరు వంటింట్లోకొచ్చి మాటల్లో పెడతారు. నువ్వు 135కే వెళ్ళు. నీ ఓవెన్‌లో ఫ్యాన్ తిరుగుతుంటే ఇరవై డిగ్రీలు తగ్గించుకో. ఓవెన్‌ని ముందుగా ఇరవై నిమిషాలైనా వేడెక్కనివ్వాలి. లైటు ఆరగానే వేడెక్కిపోయిందని నమ్మకు.

బంగాళదుంపలూ, ఇంకేవైనా కూరగాయలూ కాల్చాలంటే అవి ముందు. 200 డిగ్రీల్లో నలభై నిమిషాలు వాటికి ఇచ్చేసి, బయట పెట్టి, ఓవెన్ తలుపు కొన్ని నిమిషాలు తెరిచి ఉంచి, వేడి 135కి దిగాక చేప పెట్టు. చివరి ఐదు నిమిషాలు దుంపల ట్రేని కూడా లోపలికి తోస్తే మళ్ళీ వెచ్చబడతాయి. మొత్తం వంటలో చేపది ఆఖరి వంతు. ఎవరైనా దారిలో ఆలస్యమైతే చేపని ఫ్రిజ్‌లోనే ఉండనీ, వండేసి ఓవెన్‌లో వెచ్చగా దాచే పని పెట్టుకోకు. వాళ్ళు వచ్చి చెప్పులు విప్పాక పెట్టినా అరగంటే కదా.

ఇక అసలు సంగతికొస్తాను. చిన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొనుక్కో. వంటింట్లో కొనే చాలా వస్తువులు మూలన పడతాయి, ఇది పడదు. 25 నిమిషాలకి మొదటిసారి అన్నిటికంటే మందంగా ఉన్నచోట పక్క నుంచి గుచ్చి చూడు. లోపల 50 నుంచి 52 డిగ్రీలు చూపిస్తే చేప మెత్తగా, రసంతో ఉంటుంది. హోటళ్ళలో వంటవాళ్ళు చాలామంది అక్కడే తీసేస్తారు. ఆహార భద్రత కోసం అమెరికా ప్రభుత్వం చేపకి చెప్పే లెక్క మాత్రం 63 డిగ్రీలు. నేను ఇంట్లో నా మటుకు 52 దగ్గర తీసుకుంటాను. గర్భిణులకీ, పసిపిల్లలకీ, బాగా పెద్దవయసు వాళ్ళకీ, ఒంట్లో నలతగా ఉన్నవాళ్ళకీ మాత్రం 63 చూశాకే పెడతాను, అందులో రాజీ లేదు. తోక మడవనన్నది ఇందుకే. సన్నటి భాగం మందం భాగంకంటే ముందే 63 దాటుతుంది. అక్కడ కూడా థర్మామీటర్ గుచ్చి చూసుకుని ఆ ముక్కలు వాళ్ళ కంచాల్లో వేయి. చాలకపోతే వాళ్ళకి కావలసినంత కోసి తీసి, మళ్ళీ కాసేపు లోపల పెట్టు, మిగతాది మూత వేసి ఉంచు. ఒకే చేప, రెండు రకాలుగా ఉడికిందని ఎవరికీ తెలియదు కూడా.

థర్మామీటర్ దొరకలేదనుకో. ఫోర్క్‌తో మందంగా ఉన్నచోట మెల్లగా నొక్కు. పొరలు ఒకదాని మీంచి ఒకటి జారినట్టు విడిపోవాలి. లోపల మధ్యలో కొంచెం మెరుపు, కొంచెం పారదర్శకంగా కనిపిస్తే నాకు సరిపోయినట్టే. ఎక్కడా ఆ మెరుపు లేకుండా లేత గులాబీ రంగులోకి తిరిగిందంటే పూర్తిగా ఉడికింది, వెంటనే తీసేయి. ఫోర్క్ తగలగానే పొడిపొడిగా రాలితే మాత్రం దాటిపోయినట్టే. అప్పుడు ఇంకాస్త వెన్న కరిగించి, నిమ్మరసం కలిపి, పైన పోసి వడ్డించు. ఏం జరిగిందో ఎవరికీ చెప్పక్కర్లేదు. కంటిచూపుతో మాత్రం 63 అయిందో లేదో తేలదు, కాబట్టి పైన చెప్పిన వాళ్ళు ఉంటే థర్మామీటర్ తప్పనిసరి.

తీశాక ట్రేలోనే ఐదు నిమిషాలు వదిలేయి. లోపలి వేడి ఇంకో రెండు డిగ్రీలు పెరుగుతుంది, అది కూడా లెక్కలో పెట్టుకో. వడ్డించేటప్పుడు పల్చటి అట్లకాడని తోలుకీ కండకీ మధ్య తోస్తే ముక్క శుభ్రంగా లేచి వస్తుంది, తోలు పేపర్‌కే ఉండిపోతుంది. కండ అడుగున బూడిద రంగు పొర కనిపిస్తుంది, పాడైందని కంగారు పడకు. అక్కడ కొవ్వు ఎక్కువ, నీచు కాస్త ఎక్కువగా తగులుతుంది, తినొచ్చు. గిట్టని వాళ్ళకి చెంచాతో గీసేసి పెట్టు.

తేనె పూయొచ్చా అని చివర్లో రాశావు. పూయొచ్చు. 135లో మొదట్నుంచీ పూసినా మాడదు. ఎప్పుడైనా 200లో చేస్తే మాత్రం చివరి ఐదు నిమిషాలకే పూయి.

మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళిపోవాలి, మూడు రోజుల్లో తినేయాలి. మైక్రోవేవ్‌లో పెట్టావంటే ఇల్లంతా నీచు వాసన, పైగా ముక్క రబ్బరులా అయిపోతుంది. చల్లగానే విదిపి, మయొనైజ్‌తో, తరిగిన ఉల్లిపాయతో కలిపి బ్రెడ్‌లో పెట్టుకో. సోమవారం మధ్యాహ్నానికి అది చాలు, నువ్వు మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడక్కర్లేదు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ