చీర రంగు సరే, అక్క ఎక్కడ నిలబడుతుంది?

విజయవాడ నుంచి ఒక పెళ్లికూతురు రాసింది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మాఘమాసంలో పెళ్లి. మండపానికి నడిచి వచ్చేటప్పుడు తన చుట్టూ ఏడుగురు అమ్మాయిలు ఒకే రంగు చీరల్లో ఉండాలట. స్నేహితురాళ్లు ఐదుగురూ లావెండర్ అంటున్నారు. పిన్ని కూతురేమో చామనఛాయకు లావెండర్ నప్పదంటోంది. పెళ్లికూతురికేమో పీచ్ ఇష్టం. ఏడో మనిషి సొంత అక్క. ‘అక్కని ఏ రంగు అని అడిగితే, నాకెందుకే, నేను వెనకాల ఉంటాలే అంటోంది. రెండేళ్ల క్రితం తనకి విడాకులయ్యాయి. అమ్మ కూడా దాన్ని బలవంతపెట్టకు, గిఫ్టులూ భోజనాలూ చూసుకుంటుందిలే అంది. ఆరుగురైతే ఫొటోలో బ్యాలెన్స్ బాగుంటుందని ఫొటోగ్రాఫర్ కూడా అన్నాడు. ఇంతకీ ఏ రంగు ఖాయం చేయమంటారు? చాలా టెన్షన్‌గా ఉంది’ అని ఉత్తరం.

అమ్మాయీ, రంగు సంగతి ముందు తేల్చేస్తాను. ఏదైనా పెట్టుకో. కాకపోతే షాపు లైట్ల కింద చూసి డబ్బు కట్టకు, చీర బయటికి తెప్పించి పగటి వెలుగులో చూడు. మంగళగిరి మీకు పక్కనే. నిజాం అంచుతో నేయించుకుంటావో, షాపులోనే కొంటావో నీ ఇష్టం, కానీ అన్ని చీరలకూ ఒకే విడత అద్దిన నూలు ఉండాలని ముందే చెప్పు. లేకపోతే ఒకే రంగు పేరుతో ఏడు ఛాయలు వస్తాయి. తలంబ్రాల వేళకి నువ్వు మధుపర్కాల్లో ఉంటావు, ఆ తెలుపు పక్కన ఏ రంగైనా బాగానే కనిపిస్తుంది. 1840లో విక్టోరియా రాణి పెళ్లిలో తోడి పెళ్లికూతుళ్లు పన్నెండు మందీ రాణిలాగే తెల్లబట్టలే వేసుకున్నారు, పెళ్లికేమీ లోటు రాలేదు.

ఇక ఫొటోగ్రాఫర్ లెక్క. ఏడుగుర్ని ఫ్రేములో సర్దలేనివాడికి అంత డబ్బు ఎందుకిస్తున్నారు? ఆ మాట అతను అన్నాడో, మీరు అడిగి అనిపించారో నాకు తెలియదు. కానీ ఆ మాట నీ ఉత్తరంలోకి ఎలా వచ్చిందో తెలుస్తోంది. అక్క రానంది, అమ్మ వద్దంది, ఫొటోగ్రాఫర్ కూడా తగ్గించమన్నాడు. ముగ్గురు చెప్పేశారు కాబట్టి నీ చేతికి మట్టి అంటలేదు. ఉత్తరం మొత్తంలో ‘అక్క నా పక్కన ఉండాలి’ అని నువ్వు ఒక్కసారి కూడా రాయలేదు. లావెండర్ గురించి మాత్రం రెండు పేజీలు రాశావు.

నీ జాకెట్ల కొలతల కోసం టైలరు చుట్టూ తిరుగుతున్నది అక్కే అని నువ్వే రాశావు. శుభలేఖల మీద పేర్లు రాసిందీ తనే. పెళ్లి పనులన్నిటికీ పనికొచ్చిన మనిషి మండపం మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పనికిరాకుండా పోయింది? మీ అమ్మ ఆ మాట బయటికి అనలేదు, అయినా మీ ముగ్గురికీ తెలుసు. ముత్తయిదువల మధ్య భర్తను వదిలేసిన పిల్ల ఎందుకని ఏ పెద్దమ్మో, ఏ మేనత్తో అంటుందని ఆవిడ భయం. ఆవిడ కన్నతల్లి. ఈ రెండేళ్లలో ఎన్ని ఫంక్షన్లలో ఎన్ని మాటలు పడిందో, వాటిలో మీ చెవిదాకా రానివి ఎన్నో. అందుకని ఆవిడను తిట్టబోను. కానీ ఆ భయానికి మూల్యం పెద్దకూతురు చెల్లించాలంటే నేను ఒప్పుకోను.

రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. విడాకుల హక్కు 1955 హిందూ వివాహ చట్టంలోనే ఉంది. అయినా చట్టప్రకారం బయటికొచ్చిన ఆడపిల్లను మనం గిఫ్టుల టేబుల్ వెనక కూర్చోబెడుతున్నాం. నాకు కోపం వస్తుంది, దాచుకోను.

మగపెళ్లివారు ఏమనుకుంటారో అని కూడా రాశావు. సంబంధం ఖాయం చేసుకునే ముందు మన వాళ్లు ఎన్ని ఇళ్లలో వాకబు చేస్తారో తెలియనిదానివా? మీ అక్క సంగతి వాళ్లకు ఎప్పుడో తెలుసు. తెలిసే తాంబూలాలు పుచ్చుకున్నారు. నీ కాబోయే భర్తతో మాత్రం నువ్వే ఒక మాట చెప్పు, అనుమతి కోసం కాదు. ‘గౌరీపూజకి మా అక్క నా పక్కనే కూర్చుంటుంది’ అని సమాచారంగా చెప్పు. అతను తటపటాయిస్తే అప్పుడు ఇంకో ఉత్తరం రాయి, దానికి వెంటనే జవాబిస్తాను.

అక్కతో మాట్లాడటం జాగ్రత్త. స్నేహితురాళ్ల ముందు ‘రావే అక్కా ప్లీజ్’ అని లాగకు, అందరి ముందూ జాలి చూపినట్టవుతుంది. ఒక్కర్తే ఉన్నప్పుడు అడుగు: ‘నీకే ఇష్టం లేదా, ఎవరన్నా ఏమన్నా అన్నారా?’ అని. రెండోదైతే అమ్మతో గొడవపడాల్సింది నువ్వు, ఆ భారం అక్క మీద వేయకు. ‘అక్క మండపంలో లేకపోతే నాకు ఆ ఏడు చీరలూ వద్దు’ అని చెప్పగలవా? పెళ్లికూతురి మాటకి ఆ నాలుగు రోజులు ఇంట్లో ఎక్కడలేని విలువ ఉంటుంది, వాడుకో.

నిజంగానే ఇష్టం లేదంటే వదిలెయ్. నలుగురి ముందు పెళ్లిపీటల దగ్గర నిలబడటం తనకి కష్టంగానే ఉండొచ్చు, దాన్ని నువ్వు సరిచేయలేవు. అప్పుడు ఏం కట్టుకోవాలో, ఎక్కడ కూర్చోవాలో తననే చెప్పమను. ముందు వరుసలో కుర్చీ మాత్రం ఉంచు. భోజనాల బాధ్యత క్యాటరింగ్ వాళ్లకి, గిఫ్టుల టేబుల్ మీ బాబాయికి అప్పజెప్పు.

రంగు ఇంకా తేలకపోతే అక్కనే ఎంచుకోమను. అందరూ అదే కట్టండి, పిన్ని కూతురితో సహా. చామనఛాయకు లావెండర్ నప్పదని ఆ పిల్లకి చెప్పింది ఎవరో కూడా కనుక్కో.