క్లస్టర్ కొనే ముందు: మేనకోడలికి ఒక ఉత్తరం

అమ్మలూ,

కొత్త క్లస్టర్‌ని, అంటే చాలా కంప్యూటర్లని కలిపి ఒకటిగా నడిపే యంత్రాన్ని, ఎంచే కమిటీలో నిన్ను వేశారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది. ముప్ఫై ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి, నీకు పనికొస్తుందనుకున్నవి రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

అమ్మకానికి వచ్చినవాళ్ల కాగితంలో ముందు కనబడేది పీక్ అంకె, అంటే కాగితం మీది గరిష్ఠ వేగం. కోర్ల (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాల) సంఖ్య, క్లాక్ వేగం, ఒక్కో సైకిల్‌లో చేయగల లెక్కలు, ఈ మూడూ గుణిస్తే వచ్చేది. నీ ప్రోగ్రాం దానికి ఎంత కింద నడుస్తుందో అది చెప్పదు. తర్వాత చూపించేది లిన్‌ప్యాక్ అనే బెంచ్‌మార్క్ (వేగం కొలిచే పరీక్ష) ఫలితం. 1993లో మొదలైన టాప్500 అనే సూపర్‌కంప్యూటర్ల జాబితా దాని మీదే నడుస్తోంది. దట్టమైన మాట్రిక్స్ సమీకరణాలని సాధించడం దాని పని. మెమరీ నుంచి ఒకసారి తెచ్చుకున్న అంకెని మళ్లీ మళ్లీ వాడుకుంటుంది, అందుకే ప్రాసెసర్‌కి చేతినిండా పని ఉంటుంది. మీ ఫ్లూయిడ్ కోడ్ అలాంటిది కాదు, వాతావరణ నమూనాలూ కావు. జపాన్ సూపర్‌కంప్యూటర్ ఫుగాకు సంగతి చూడు: లిన్‌ప్యాక్‌లో 442 పెటాఫ్లాప్స్ (ఫ్లాప్స్ అంటే సెకనుకి చేసే లెక్కలు, పెటా అంటే వెయ్యి లక్షల కోట్లు), స్పార్స్ మాట్రిక్స్‌లతో (ఎక్కువ భాగం సున్నాలే ఉండేవి) నడిచే హెచ్‌పీసీజీ అనే పరీక్షలో 16. మెమరీ వేగానికి పేరుపడ్డ యంత్రం పరిస్థితే అది.

ఎందుకలా అవుతుందో ఒకసారి కాగితం మీద వేసి చూడు. జాన్ మెకాల్పిన్ రాసిన స్ట్రీమ్ బెంచ్‌మార్క్‌లో ట్రయాడ్ అని ఒక లూప్ ఉంది. రెండు వరుసల్లోంచి ఒక్కో అంకె తీసుకోవాలి, ఒకదాన్ని స్థిరాంకంతో గుణించి రెండోదానికి కలపాలి, వచ్చింది మూడో వరుసలో పెట్టాలి. లెక్కలు రెండే, ఒక గుణకారం, ఒక కూడిక. కదిలిన డేటా మాత్రం ఎనిమిదేసి బైట్లవి మూడు, అంటే 24 బైట్లు. నోడ్ (క్లస్టర్‌లోని ఒక్కో కంప్యూటర్) మెమరీ సెకనుకి 240 గిగాబైట్లు ఇస్తుందనుకో. ఆ లూప్ సెకనుకి వెయ్యి కోట్ల సార్లు తిరుగుతుంది, 20 గిగాఫ్లాప్స్ వస్తాయి. ఆ నోడ్ పీక్ 2 టెరాఫ్లాప్స్, అంటే 2,000 గిగాఫ్లాప్స్, అయితే ఇది నూటికి ఒక వంతు. మెమరీ అలాగే ఉంచి కోర్లు రెట్టింపు చేశారనుకో, ఈ అంకె కదలదు. అందుకే నీ కోడ్ ఒక్కో బైటుకి ఎన్ని లెక్కలు చేస్తుందో ముందు తెలుసుకో. 2009లో విలియమ్స్, వాటర్‌మన్, ప్యాటర్సన్ రాసిన రూఫ్‌లైన్ పద్ధతి (కోడ్‌ని ఆపేది మెమరీ వేగమా, లెక్కల వేగమా అని చూపేది) అందుకు చక్కగా పనికొస్తుంది.

నేను చేసిన పెద్ద పొరపాటు ఒకటి చెబుతాను. ఒకప్పుడు పరీక్ష త్వరగా అయిపోవాలని కంపెనీకి చిన్న గ్రిడ్ (లెక్క వేసే బిందువుల వల) ఇచ్చాను. 32 నోడ్‌ల మీద పంచేసరికి ఒక్కో నోడ్ వాటా మొత్తం కాష్‌లోనే, అంటే ప్రాసెసర్‌లోని చిన్న వేగవంతమైన మెమరీలోనే, పట్టేసింది. ఫలితాలు అద్భుతంగా వచ్చాయి, సంతకాలూ అయిపోయాయి. అసలు గ్రిడ్‌లు వేశాక ప్రతి అడుగులోనూ కోర్లు మెమరీ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాయి. విద్యార్థులు నెలల తరబడి క్యూలో పడిగాపులు కాశారు. ఆ బాధ నాకింకా పోలేదు. నువ్వు మాత్రం మీరు నిజంగా వేసే సైజునే ఇవ్వు, వచ్చే ఐదేళ్లలో వేయబోయే సైజు ఇంకొకటి ఇవ్వు.

కోడ్ నడిపేటప్పుడు పిన్నింగ్ సంగతి మర్చిపోకు, అంటే ఒక్కో థ్రెడ్‌ని (ప్రోగ్రాంలో పక్కపక్కన నడిచే పనిపాయని) ఒక్కో కోర్‌కి కట్టేయడం. రెండు సాకెట్ల (రెండు ప్రాసెసర్ చిప్‌ల) నోడ్‌లో ఒక పేజీని (మెమరీ ముక్కని) ముందు ఏ థ్రెడ్ తాకితే, ఆ థ్రెడ్ ఉన్న సాకెట్ వైపు మెమరీలో ఆ పేజీ కూర్చుంటుంది. డేటా అంతటినీ ఒకే థ్రెడ్‌తో సున్నాలతో నింపావంటే అంతా ఒక పక్కకే చేరుతుంది, రెండో సాకెట్ అవతలినుంచి తెచ్చుకోవాలి. బ్యాండ్‌విడ్త్, అంటే మెమరీ నుంచి డేటా వచ్చే వేగం, సగానికి పడిపోతుంది. తప్పు మెషీన్‌ది కాకపోయినా నింద దానిమీద పడుతుంది.

ఒక్క పరుగుతో ఏదీ తేల్చకు. కనీసం పదిసార్లు, వేర్వేరు వేళల్లో, వేరే జాబ్‌లు నడుస్తున్నప్పుడు కూడా వేసి మధ్యస్థ విలువ, అన్నిటికంటే నెమ్మదైన విలువ రెండూ రాయి. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో ఆస్కీ క్యూ అనే సూపర్‌కంప్యూటర్ మీద జరిగింది మా తరంవాళ్లందరికీ గుర్తే. 8,192 ప్రాసెసర్ల మీద సేజ్ అనే కోడ్ అంచనా కంటే బాగా నెమ్మదిగా నడిచేది. నోడ్‌కి నాలుగు ప్రాసెసర్లుంటే మూడే వాడితే బాగా నడిచేది! వెతికితే ప్రతి నోడ్‌లో ఆపరేటింగ్ సిస్టం చేసుకునే చిన్నచిన్న పనులు కారణమని తేలింది. ఒకచోట ఒకరు ఆగితే వేలమంది ఆగుతారు కదా. ఆ పనుల్ని తగ్గించి సర్దాక కోడ్ వేగం దాదాపు రెట్టింపైంది. 2003లో పెట్రీనీ బృందం రాసిన ఆ పేపర్ తప్పక చదువు. నాలుగు నోడ్‌ల మీద పరీక్షిస్తే ఇలాంటిది బయటపడదు.

కంపెనీవాళ్లు స్పీడప్ (ప్రాసెసర్లు పెంచితే ఎన్ని రెట్లు వేగమైందో) గ్రాఫులు తెచ్చి చూపిస్తారు. సెకన్లు అడుగు. ఒక్క నోడ్ మీద నెమ్మదిగా నడిచే కోడ్‌కే స్పీడప్ అందంగా వస్తుంది. నూటికి ఐదు వంతులు ప్రాసెసర్లకి పంచలేక వరుసగానే నడిచే పనైతే, అదే సైజు లెక్కకి ఎన్ని ప్రాసెసర్లు పెట్టినా 20 రెట్లు దాటదు. జీపీయూలని (గ్రాఫిక్స్ కోసం పుట్టి, ఇప్పుడు లెక్కలకీ వాడే చిప్‌లని) పోల్చేటప్పుడు ఒక్క కోర్‌తో పోల్చనివ్వకు. సరిగ్గా ట్యూన్ చేసిన పూర్తి నోడ్‌తో పోల్చాలి, డేటా అటూఇటూ మోసే సమయం కూడా కలపాలి. మీ కోడ్‌ని జీపీయూకి మార్చే మనిషి ఉన్నారో లేదో కూడా ఇప్పుడే అడుగు.

జవాబు సరైనదో కాదో చూడకుండా టైం రాసుకోకు. కూడిక క్రమం మారితే చివరి అంకెలు మారతాయి, అది సహజం. ఎంతవరకు మారితే ఒప్పుకోవాలో సైంటిస్టులతో ముందే కూర్చుని తేల్చుకో. వేగం కోసం కచ్చితత్వాన్ని సడలించే కంపైలర్ ఫ్లాగ్‌లు ఉన్నాయి, ఏవి వాడవచ్చో నిబంధనల్లో రాయండి. సోర్స్ మార్చవచ్చా, మారిస్తే ఎంతవరకు అన్నదీ రాయండి. కంపెనీవాళ్లు చెప్పిన సెకన్లు ఒప్పందంలోకి ఎక్కాలి, మెషీన్ వచ్చాక అవే జాబ్‌లు మళ్లీ వేయాలి. చెక్‌పాయింట్ (మధ్యలో ఆగినా కొనసాగించేలా లెక్కని డిస్కులో దాచుకోవడం) రాయడానికి పట్టే సమయం కూడా అందులో చేర్చు, డిస్కుల సంగతి అందరూ చివర్లోనే తలుచుకుంటారు.

మీ దగ్గర ఎక్కువగా నడిచే మూడు కోడ్‌ల పేర్లు, ఒక మామూలు నెలలో పడే జాబ్‌ల సైజులు క్యూ లాగ్‌లోంచి తీసి నాకు పంపు. ఆదివారం ఫోన్లో ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య