సోయా ఏపుగా పెరిగి కాయ పట్టకపోతే: జైనథ్ (ఆదిలాబాద్ జిల్లా) రేగడికి ఎరువుల లెక్క

అన్నా, విత్తేటప్పుడు బస్తా డీఏపీ (నత్రజని, భాస్వరం ఉన్న ఎరువు), నెల తర్వాత ఒక బస్తా యూరియా వేసినా చేనులో ఆకు తప్ప కాయ లేదన్నారు. ముందు నెల తర్వాత వేసే ఆ యూరియా మానండి. నేలలో నత్రజని దండిగా దొరికితే సోయా వేర్లకు బుడిపెలు (గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా ఉండే గడ్డలు) సరిగా కట్టవు, మొక్క ఏపుగా పెరిగి పడిపోతుంది.

ఎకరాకు 12 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 16 కిలోల పొటాష్ చాలు, అదీ విత్తేటప్పుడే. డీఏపీ బదులు 150 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 26 కిలోల యూరియా, 27 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేయండి. బస్తాలు ఎక్కువ మోయాలి, నిజమే. కానీ సూపర్‌లో గంధకం ఉంటుంది, డీఏపీలో ఉండదు. గింజలో నూనెకు, మాంసకృత్తులకు గంధకం కావాలి.

విత్తనానికి మొదట శిలీంద్రనాశిని పట్టించి ఆరనివ్వండి. విత్తే ముందు 10 కిలోలకు 200 గ్రాముల సోయా రైజోబియం (ఆ బుడిపెలు కట్టించే బ్యాక్టీరియా పొడి) చల్లారిన బెల్లం నీళ్లతో పట్టించి నీడలో ఆరబెట్టండి. ఆ విత్తనాన్ని ఎరువుతో కలిపి గొర్రులో పోయొద్దు, బ్యాక్టీరియా చస్తుంది.

40 రోజులకు నాలుగైదు మొక్కలు మట్టితో సహా తవ్వండి. పీకితే బుడిపెలు తెగి నేలలోనే ఉండిపోతాయి. బుడిపె కోస్తే లోపల గులాబీ రంగుంటే పనిచేస్తున్నట్టు. పాలిపోయో, ఆకుపచ్చగానో ఉంటే చేనులో నీళ్లు నిలుస్తున్నాయేమో చూడండి. వేరుకు గాలి ఆడక బుడిపెలు చస్తాయి. నాలుగు సాళ్లకొక కాలువ తీయండి.

లేత ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగా ఉండి వాటి మధ్యభాగం పసుపైతే అది ఇనుము లోపం, యూరియాతో పోదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయండి.