ఇంగ్లీషులో 'ఎ', 'యాన్', 'ది' ఎక్కడ ఏది వాడాలో తెలుసుకోవడం ఎలా?

తెలుగు మీడియంలో చదివానని, రూల్స్ ఎంత బట్టీ పట్టినా రాసేటప్పుడు 'ఎ' పెట్టాలో 'ది' పెట్టాలో తేలడం లేదని అడిగారు. నాదీ తెలుగు మీడియమే. పదో తరగతి దాకా నా పద్ధతి ఒకటే: ఖాళీలన్నిట్లో 'ది' రాసేయడం. సగం మార్కులు ఎలాగూ వచ్చేవి.

ఉద్యోగంలో చేరాక దొరికిపోయాను. విదేశీ క్లయింటుకి మొదటిసారి సొంతంగా మెయిల్ పెట్టాను: 'వి ఫౌండ్ ది ఎర్రర్ ఇన్ ది రిపోర్ట్.' రిపోర్టులో ఒక తప్పు కనబడిందని నా ఉద్దేశం. వాళ్లేమో ఏ ఎర్రర్, ఇంతకుముందు ఎప్పుడు చెప్పారు అంటూ పాత మెయిళ్లన్నీ తిరగేశారట. మా లీడ్ నవ్వి, "నువ్వు 'ది' అన్నావంటే అదేదో వాళ్లకీ తెలుసనే కదా" అన్నాడు.

ఆలోచిస్తే ఇది మనకు కొత్తేమీ కాదు. "అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు." మొదటిసారి 'ఒక', రెండోసారి 'ఆ'. కథ ఎత్తుకోవడమే "ఆ రాజుకి..." అని ఎత్తుకుంటే పిల్లలు వెంటనే "ఏ రాజుకి?" అంటారు. అవతలి మనిషి అలా అడుగుతాడనిపిస్తే 'ది' పెట్టకండి. నాకు ఏ గ్రామర్ పుస్తకమూ ఇంత పనికిరాలేదు.

అయితే 'ఒక' ఉంటే 'ఎ', 'ఆ' ఉంటే 'ది' అని మాటకు మాట మార్చేస్తే మళ్లీ బోల్తా పడతారు. "తలుపు వెయ్యి" అంటాం. అందులో 'ఆ' లేదు, అయినా ఏ తలుపని ఎవరూ అడగరు. అందుకే 'క్లోజ్ ది డోర్'. "మా అన్న లాయరు" అంటాం. 'ఒక లాయరు' అంటే మన చెవికే ఎబ్బెట్టు. ఇంగ్లీషులో మాత్రం 'ఎ లాయర్' అనాల్సిందే. ఏళ్ల తరబడి నేను 'మై బ్రదర్ ఈజ్ లాయర్' అనే రాశాను, ఎవరూ దిద్దలేదు. ఇంకో ఆనవాలు కూడా ఉంది. "పుస్తకం కొన్నాను" అంటే ఏదో ఒక పుస్తకం. "పుస్తకాన్ని తిరిగి ఇచ్చేశాను" అంటే ఏ పుస్తకమో వినేవాళ్లకు చాలాసార్లు తెలిసే ఉంటుంది. ఆ 'ని' దగ్గర ఒకసారి ఆగి చూసుకోండి.

మనం "ఒక సలహా ఇవ్వండి" అంటాం గానీ ఇంగ్లీషులో సలహాని లెక్కపెట్టరు. 'యాన్ అడ్వైస్' తప్పు, 'సమ్ అడ్వైస్' అనాలి. ఫర్నిచర్, ఇన్ఫర్మేషన్ కూడా అంతే.

'ఎ', 'యాన్' సంగతి చెవికి సంబంధించింది, స్పెల్లింగుతో పని లేదు. తెలుగులో రాసి చూస్తే సగం తేలిపోతుంది. 'అవర్' అచ్చుతో మొదలైంది కాబట్టి 'యాన్ అవర్'. 'యూనివర్సిటీ', 'వన్ వే' హల్లుతో మొదలయ్యాయి కాబట్టి ముందు 'ఎ'. ఒక్కచోటే మన నాలుక మోసం చేస్తుంది: ఎగ్గుని 'యెగ్గు' అని, ఎమ్మెల్యేని 'యెమ్మెల్యే' అని అనేస్తాం. ఆ 'య' మనది, ఇంగ్లీషుది కాదు. 'యాన్ ఎగ్', 'యాన్ ఎమ్మెల్యే' అనే రాయాలి.

పేర్ల దగ్గర మాత్రం పై లాజిక్ ఏదీ పనిచేయదు, అలవాటు చేసుకోవడమే. నదులకు ఉంటుంది: 'ది గోదావరి'. ఊళ్లకు ఉండదు: 'ది రాజమండ్రి' అనకూడదు. 'ది హిమాలయాస్' సరే, 'మౌంట్ ఎవరెస్ట్' ముందు ఏమీ రాదు. ఇంగ్లీషువాళ్లలో వాళ్లకే పడని చోట్లూ ఉన్నాయి. ఎవరైనా ఆసుపత్రిలో చేరితే బ్రిటన్‌లో 'ఇన్ హాస్పిటల్' అంటారు, అమెరికాలో 'ఇన్ ది హాస్పిటల్'. డల్లాస్‌లో ఉండే మా బావ నేను 'ఇన్ హాస్పిటల్' అని రాస్తే తప్పని వాదించాడు. ఆ ఒక్కసారి మాత్రం నేను తగ్గలేదు.