ఇంట్లో ఒక్కరమే బైబిల్ చదువుకుంటే విశ్వాసం పెరగదా, సహవాసం తప్పనిసరా?

పెరుగుతది కానీ కొంతవరకే, తోటి విశ్వాసులతో సహవాసం లేకుండా విశ్వాసం పూర్తిగా ఎదగడం కష్టం. ఎందుకంటే ఒకరినొకరు ప్రేమించండి, క్షమించండి, ఒకరి భారాలు ఒకరు మోయండి అని కొత్త నిబంధనలో ఎన్నో ఆజ్ఞలున్నయి, ఇవి చేయాలంటే పక్కన ఇంకో మనిషి ఉండాలె కదా. ఓపిక గురించి ఎంత చదివినా, విసిగించే మనిషి ఎదురుపడ్డప్పుడే అది మనలో ఉందో లేదో తెలుస్తది.

కోచింగ్ కోసం హనుమకొండకి వచ్చి హాస్టల్‌లో ఉండే పిల్లగాడు అనుకోండి, రోజూ ఫోన్‌ల బైబిల్ ప్రసంగాలు వింటడు, అంతా బానే ఉంటది, ఎగ్జామ్ పోయిన రోజు మాత్రం దేవుడు నన్ను వదిలేసిండు అనిపిస్తది, ఆ రోజు ఫోన్ వచ్చి భుజం మీద చెయ్యి వేయదు. అదే కాజీపేటలో ఎవరింట్లోనో వారం వారం జరిగే కూడికకి పోయే అలవాటుంటే, రెండు వారాలు కనబడకపోయేసరికి ఎవరో ఒక అన్న ఫోన్ చేస్తడు, ఒక అక్క తను ఉద్యోగం రాక ఏడ్చిన రోజుల గురించి చెప్తది, అందరూ కలిసి వాడి కోసం ప్రార్థన చేస్తరు. బైబిల్‌లో హెబ్రీ పత్రిక అనే ఉత్తరం 10వ అధ్యాయంలో కూడుకోవడం మానొద్దని చెప్పింది కూడా ఇట్లా ఒకరినొకరు పురికొల్పుకోవడానికే.

చాలామంది పొరపాటు పడేది ఎక్కడంటే ఆదివారం చర్చికి పోయి వెనక వరుసలో కూర్చుని కానుకేసి వస్తే అదే సహవాసం అనుకుంటరు. కానీ అపొస్తలుల కార్యాలు 2వ అధ్యాయంలో ఆ మాటకి గ్రీకులో ఉన్నది కొయినోనియా, అంటే పాలు పంచుకోవడం, ఆ మొదటి విశ్వాసులు రొట్టె, ప్రార్థనే కాదు ఆస్తులు కూడా పంచుకున్నరు. అట్లాగని ఒంటరి ప్రార్థన వద్దని కాదు, యేసయ్య కూడా తెల్లారకముందే ఒక్కడే పోయి ప్రార్థన చేసిండు, తర్వాత శిష్యులతోనే ఊరూరా తిరిగిండు.