ట్యాంకులు, హ్యాకింగ్, జామింగ్, పుకార్లు: సైన్యాలు ఇవన్నీ కలిపి ఎలా వాడతాయి?

నేను ఆర్మీ సిగ్నల్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. నేల మీద పోరు, సైబర్ దాడి, ఎలక్ట్రానిక్ వార్‌ఫేర్ (శత్రువు రేడియో తరంగాలను పట్టుకోవడం, జామింగ్‌తో అడ్డుకోవడం), సమాచార యుద్ధం, ఈ నాలుగింటినీ ఇప్పటి సైన్యాలు ఎలా కలుపుతాయి, ఇవన్నీ వచ్చాక ట్యాంకులకు, సిపాయిలకు ఇంకా పని ఉందా అని అడిగారు కాబట్టి నాకు తెలిసినంత చెప్తాను.

విడివిడిగా చూస్తే జామింగ్ గానీ, హ్యాకింగ్ గానీ, దొంగ మెసేజీ గానీ చాలాసార్లు కాసేపు చికాకు పెట్టి పోయేవే. ఒక దెబ్బ తగిలాక అవతలివాడు ఏం చేస్తాడో ముందే లెక్కగట్టి, వాడు ఆ పని చేసేసరికి రెండో దెబ్బ సిద్ధంగా ఉంచడమే అసలు విద్య.

2014 తర్వాత తూర్పు ఉక్రెయిన్‌లో, డాన్‌బాస్‌లో రష్యా పక్షం ఏం చేసిందో అమెరికన్ ఆర్మీ కర్నల్ లియామ్ కాలిన్స్ రాశారు. ట్రెంచ్‌లో ఉన్న సైనికుల ఫోన్లకు ముందు ఒక మెసేజ్ వస్తుంది, మిమ్మల్ని చుట్టుముట్టారు, మీవాళ్లు మిమ్మల్ని వదిలేశారు అని. కొన్ని నిమిషాలకు ఇంట్లోవాళ్లకు ఇంకో మెసేజ్, మీ అబ్బాయి చనిపోయాడు అని. అది చదివిన తల్లి ఏం చేస్తుంది, వెంటనే కొడుక్కి ఫోన్ చేస్తుంది. అటు నుంచి ఆ సైనికులు కూడా ఇంటికి చేస్తారు. ఒకేచోట అన్ని ఫోన్లు పలికేసరికి వాళ్లున్న చోటు తెలిసిపోతుంది, ఇంకాసేపటికి వెనక్కి పోయి బతకండి అని మరో మెసేజ్, దాని వెనకే ఫిరంగి గుండ్లు. ఇందులో పుకారు ఉంది, రేడియో తరంగాల పని ఉంది, చివర్లో మామూలు ఫిరంగి ఉంది. ఇందుకోసమే వాళ్ల దగ్గర లీర్-3 అని ఒకటి ఉంది, ట్రక్కు నుంచి నడిపే ఓర్లాన్-10 డ్రోన్లు సెల్ టవర్‌లా నటించి దగ్గర్లోని ఫోన్లను తమవైపు లాక్కుంటాయి. ఎదురుగా ఉన్నవాడి చేతిలో తుపాకీ కంటే ఇంట్లో తల్లి భయం మీద గురిపెట్టడం, నా దృష్టిలో, ఈ యుద్ధంలో అన్నిటికంటే నీచమైన భాగం.

తరంగాలతో చోటు ఎలా దొరుకుతుందో రాజస్థాన్ ఎడారిలో ఆర్మీ ఎక్సర్‌సైజ్‌లలో, అంటే ఉత్తుత్తి యుద్ధాల్లో, కళ్లారా చూశాను. రేడియో సెట్ మీద ఎవరైనా కాస్త ఎక్కువసేపు మాట్లాడితే చాలు, అవతలి పార్టీ డీఎఫ్ (డైరెక్షన్ ఫైండింగ్) వాళ్లు రెండు మూడు చోట్ల నుంచి దిశ పట్టి మ్యాప్ మీద గీతలు గీస్తారు, ఆ గీతలు కలిసిన చోటే మనం. అంపైర్ వచ్చి మీ కమాండ్ పోస్ట్ పోయింది అనేవాడు. అందుకే ముందు మెసేజ్ కాగితం మీద రాసుకుని, అనవసరమైన మాట కొట్టేసి, అప్పుడు స్విచ్ నొక్కి ముక్తసరిగా చెప్పి వదిలేవాళ్లం. యాంటెన్నాను కేబుల్ లాగి బండికి దూరంగా పెట్టేవాళ్లం. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలోని డీఆర్‌డీవో ల్యాబ్ డీఎల్ఆర్ఎల్ దశాబ్దాలుగా ఈ ఎలక్ట్రానిక్ వార్‌ఫేర్ పరికరాల మీదే పనిచేస్తోంది.

ఇక సైబర్. 2022 ఫిబ్రవరి 24న రష్యా దండెత్తడానికి గంట ముందు అమెరికన్ కంపెనీ వయాశాట్ వాళ్ల కేఏ-శాట్ ఉపగ్రహ ఇంటర్నెట్ మోడెమ్‌లు హ్యాకింగ్‌తో వేల సంఖ్యలో చచ్చుబడ్డాయి. ఉక్రెయిన్ సైన్యం కూడా ఆ లింకులు వాడేది. దెబ్బ ఎక్కడిదాకా పోయిందంటే జర్మనీలో 5,800 గాలిమరలకు రిమోట్ కంట్రోల్ తెగిపోయింది. టైమింగ్ బాగా కుదిరింది, కానీ నేల మీద దానికి తగ్గట్టు పని జరగలేదు. కీవ్ దారిలో రష్యన్ల జామింగ్ వాళ్ల సొంత రేడియోలనే దెబ్బతీసింది, చాలాచోట్ల రహస్య సంకేతాలు లేకుండా మామూలు సెట్ల మీద మాట్లాడుకున్నారు, ఉక్రెయిన్ వాళ్లు కూర్చుని విన్నారు. ఏ ఫ్రీక్వెన్సీ జామ్ చెయ్యాలి, ఏది మనవాళ్లకు వదలాలి అన్నది సిగ్నల్స్ వాళ్లు, ముందుకెళ్లేవాళ్లు ఒకే టేబుల్ దగ్గర కూర్చుని తేల్చుకోకపోతే ఇదే గతి. 2023 కొత్త సంవత్సరం వేళ తమ చేతిలో ఉన్న ఉక్రెయిన్ పట్టణం మకీవ్కాలో ఉక్రెయిన్ వేసిన హైమార్స్ (అమెరికా తయారీ) రాకెట్లకు తమ సైనికులు 89 మంది చనిపోయారని, వాళ్లు ఫోన్లు వాడడమే ప్రధాన కారణమని రష్యా రక్షణ శాఖే చెప్పింది.

మన దగ్గరికొస్తే, 2025 ఏప్రిల్ 26న సైనిక కదలికలను లైవ్‌లో చూపించొద్దని కేంద్రం మీడియాకు సలహా జారీ చేసింది. మే నెలలో ఆపరేషన్ సిందూర్ అప్పుడు 2020 నాటి బేరూత్ పేలుడు వీడియోను పాకిస్తాన్ క్షిపణి దాడి అని తిప్పారు, కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ ఖండించాల్సి వచ్చింది. సరిహద్దులో బిడ్డ ఉన్న ఇంటికి అలాంటి వీడియో పంపేవాళ్లు ఒక్క క్షణం ఆగాలని చేతులెత్తి అడుగుతున్నాను. స్టేషన్‌లో కనిపించిన మిలిటరీ రైలును వీడియో తీసి పెట్టడం కూడా అంతే, చూసేవాళ్లలో ఎవరుంటారో మనకు తెలియదు.

ట్యాంకులకు, సిపాయిలకు పని ఉందా అంటే తప్పకుండా ఉంది. జామింగ్ పెరిగితే దానికి విరుగుడు కూడా వెంటనే పుట్టుకొస్తోంది. 2024 నుంచి రష్యా, ఉక్రెయిన్ రెండూ సన్నటి ఆప్టికల్ ఫైబర్ తీగను వెనకాల విడుస్తూ పోయే డ్రోన్లు వాడుతున్నాయి, రేడియో లింకే లేదు కాబట్టి జామర్‌కు దొరకవు. రష్యాలోని కుర్స్క్‌లో అప్పటికి ఉక్రెయిన్ చేతిలో ఉన్న సుద్జా ఊరికి సరుకు చేరే రోడ్డును 2025 మొదట్లో రష్యన్లు దెబ్బతీసింది ఎక్కువగా వీటితోనే. ఆ తర్వాత ఊరిని పట్టుకోవడానికి మాత్రం పదాతి దళమే నడిచి వెళ్లాల్సి వచ్చింది.