ఫ్యాన్ పిట్ టికెట్ కొన్నా లోపలికి పంపలేదు.. కేసు వేయవచ్చా?

ప్రశ్న: 20 నెలల క్రితం, ప్రాణంగా అభిమానించే రాక్ బ్యాండ్ కచేరీకి స్టేజీ ముందుండే ఫ్యాన్ పిట్ టికెట్ కొన్నాను. కచేరీ ఆలస్యంగా మొదలైంది, సౌండ్ బాగాలేదు, నేను ఎదురుచూసిన పాట పాడనేలేదు. పిట్ నిండిందంటూ గేటు మూసి నన్ను వెనకే ఆపేశారు. డబ్బడిగితే ‘నాన్ రిఫండబుల్’ అన్నారు. పిట్ టికెట్‌కు గుర్తుగా చేతికి కట్టే పట్టీ, నా రిస్ట్‌బ్యాండ్ పారేశాను. పిట్‌లోకి వెళ్లిన మిత్రుడు తనది ఇస్తానంటున్నాడు. కేసు వేయవచ్చా?

జవాబు: మీరు రాసిన నాలుగు పేజీల్లో మూడు ఆ పాడని పాట గురించే. ఏ పాట పాడాలన్నది బ్యాండ్ ఇష్టం, దాన్ని వదిలేయండి. సౌండ్, ఆలస్యం కూడా విడిగా నిలబడవు. పిట్ టికెట్‌కు డబ్బు తీసుకుని పిట్‌లోకి పంపకపోవడం ఒక్కటే మీ కేసు. వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం అది సేవాలోపం. ‘నాన్ రిఫండబుల్’ షరతు మీరు మనసు మార్చుకుని రానప్పటి సంగతి. వాళ్లే గేటు మూసినప్పుడు దాని చాటున దాక్కోలేరు.

మిత్రుడి రిస్ట్‌బ్యాండ్ జోలికి మాత్రం వెళ్లొద్దు. దానికో నంబరో చిప్పో ఉంటే, అది పిట్ గేటు దాటినట్టు నిర్వాహకుల దగ్గర రికార్డు ఉంటుంది. అంటే మీరు లోపలికి వెళ్లారని మీరే రుజువు చేసినట్టవుతుంది! పైగా ఫిర్యాదుతో ఇచ్చే ప్రమాణపత్రంలో (అఫిడవిట్) అబద్ధం చెప్పడం వేరే నేరం. మీది పారేశానని ఉన్నదున్నట్టే రాయండి.

ఉన్న ఆధారాలు చాలు. బుకింగ్ మెయిల్, బ్యాంకు స్టేట్‌మెంట్, గేటు దగ్గర తీసిన ఫొటోలు, వీడియోలు వెతకండి. వాట్సాప్‌లో పంపుకున్న కాపీలను నమ్ముకోకండి, తీసిన సమయం వాటిలో సాధారణంగా చెరిగిపోతుంది. ఫోన్‌లోని అసలు ఫైళ్లే కావాలి. ఆ ఫోన్ అమ్మకండి, రీసెట్ చేయకండి. వీటికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ ఆధారాలకు ఇచ్చే ధ్రువీకరణ) జతచేయాలి. మీతోపాటు బయట ఆగిపోయినవారిలో ఇద్దరి ప్రమాణపత్రాలు దొరికితే మరీ మంచిది.

20 నెలలు ఏం చేశారండీ? ఫిర్యాదుకు గడువు రెండేళ్లే. దాన్ని కచేరీ రోజు నుంచే లెక్కేసుకోండి. నిర్వాహకులతో మెయిళ్లు నడిచినంత మాత్రాన గడువు పెరగదు. జాప్యాన్ని మన్నించే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉన్నా, బద్ధకం దానికి కారణం కాదు.

ఈ వారమే నిర్వాహకులకు, టికెట్ అమ్మిన సంస్థకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. 15 రోజుల గడువిచ్చి, మీ టికెట్ నంబరు ఏయే గేట్ల దగ్గర స్కాన్ అయిందో రికార్డు ఇవ్వమనండి. మెయిన్ గేటు దగ్గర నమోదై పిట్ గేటు దగ్గర లేకపోతే అదే మీ బలమైన సాక్ష్యం. ఇవ్వకపోతే తెప్పించమని కమిషన్‌ను కోరవచ్చు.

తర్వాత మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి ఫిర్యాదు వేయండి. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లోనూ వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలూ తప్పనిసరి కాదు. టికెట్ ధర, వడ్డీ, మితమైన పరిహారం, ఖర్చులు అడగండి. ‘నాన్ రిఫండబుల్’ షరతునే అన్యాయమైన ఒప్పందంగా ప్రకటించమని మాత్రం ఇందులో కోరకండి. అది రాష్ట్ర కమిషన్ పరిధి, ఆ ఒక్క వాక్యం మీద అభ్యంతరం లేపి మీకు మిగిలిన నాలుగు నెలలూ తినేస్తారు.